కొరియాలో శాకాహారికి బి12 సరిపోతుందా?

చదువుకి కొరియా వెళ్తున్నానని, గుడ్డు కూడా తిననని, అక్కడివాళ్ల తిండికి అలవాటు పడితే బి విటమిన్లకి ఢోకా ఉండదు కదా అని అడిగారు. నేను సువాన్‌లో ఆరేళ్లున్నాను, నాదీ మీలాంటి తిండే. ఢోకా ఉంటుందండీ.

మూడో ఏడు చలికాలంలో నాకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. అక్కడ ఇళ్లలో నేల కింద నుంచి వేడి వస్తుంది, ఆ వేడికేమో అనుకున్నాను. తర్వాత నాలుక అంచులు మండటం, చారులో మిరియాలు తగ్గించినా తగ్గకపోవడం. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హిమోగ్లోబిన్ 13.8, అంతా నార్మల్. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్లకి ఫోలేట్ (ఇదీ ఒక బి విటమినే) దండిగా ఉంటుంది కాబట్టి బి12 పడిపోయినా రక్తహీనత బయటపడకపోవచ్చు, నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటూ ఉంటాయి. ఇది నాకు అప్పుడు తెలీదు. చివరికి నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగింది, "కడుపు ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని. అక్కడ అది మామూలు ప్రశ్నే. కొరియాలో కడుపు క్యాన్సర్ ఎక్కువ, 40 దాటితే రెండేళ్లకోసారి ప్రభుత్వమే ఎండోస్కోపీ చేయిస్తుంది, కడుపు మొత్తం తీసేసినవాళ్లకి తిండిలోని బి12 ఒంటపట్టదు కాబట్టి జీవితాంతం దాన్ని విడిగా తీసుకోవాల్సిందే. ఏళ్ల తరబడి మాంసం ముట్టని మనిషి ఉంటాడన్నది ఆయనకి తట్టనే లేదు. రిపోర్టులో బి12 138 వచ్చింది (మిల్లీలీటరుకి పికోగ్రాముల్లో). 200 ఉండాలి కనీసం.

ఇక కొరియన్ల సంగతి. 1998లో మొదలైన జాతీయ ఆరోగ్య పోషకాహార సర్వే ఒకటి ఉంది, 2007 నుంచి ఏటా చేస్తున్నారు, నిన్న ఏం తిన్నారో ముద్దముద్దా రాసుకుంటారు. ఆ వివరాల నుంచి పరిశోధకులు లెక్కగట్టిన బి12 సగటు రోజుకి కావాల్సిన 2.4 మైక్రోగ్రాముల కంటే బాగా ఎక్కువే. ఆల్చిప్పలు, కానగంతలు, ఎండు నెత్తళ్లు వేసి మరిగించిన పులుసు రోజూ లోపలికి వెళ్తుంటే రాక ఏమవుతుంది! బి1కి పంది మాంసం ఉంది. వాళ్లలో చాలామందికి తక్కువపడేది నిజానికి బి2, ఎందుకంటే పాలు, పెరుగు పెద్దగా తినరు. ఆ బి2 రామ్యన్ (అక్కడి ఇన్‌స్టంట్ నూడుల్స్) ప్యాకెట్ వెనక పదార్థాల్లో కనిపిస్తుంది, నూడుల్స్‌కి ఆ పసుపు రంగు కోసం. పెరుగన్నం తినే మనకి బి2 బెంగ లేదు, బెంగంతా బి12దే. సగటు చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఆ సగటు చేపలు తినేవాళ్లది.

మా ఓనరమ్మ నా కాళ్ల గోల విని ఒక కట్ట గిమ్ తెచ్చిచ్చింది, అదే, కాగితంలా ఎండబెట్టిన సముద్రపు నాచు. అందులో బి12 నిజంగానే ఉంది. నూరేళ్లకి దగ్గరైన పల్లెటూరి ముసలమ్మలు మాంసం అంతంతమాత్రంగా తిన్నా, ఇంట్లో పులియబెట్టిన సోయా ముద్ద, కిమ్చి (పులియబెట్టిన కూరగాయలు), నాచుల నుంచి కొంత బి12 తెచ్చుకుంటున్నారని అక్కడి పరిశోధకులు చూశారు. కానీ ఒక పెద్ద షీటు రెండు మూడు గ్రాములుంటుంది, అందులోంచి ఒంటికి పట్టేదెంత అన్నదాని మీద వాదనలు తెగలేదు, కాబట్టి దాన్ని నంచుకోండి, నమ్ముకోవద్దు. స్పిరులినా మాత్రలైతే అసలు కొనకండి, అందులో ఉండేది చాలావరకు మనకి పనికిరాని రకం. కిమ్చిలో చేప సాసు, రొయ్యల ఊరగాయ వేస్తారు, ఇది కూడా అడిగి తినండి.

ఆఫీసులో డెడ్‌లైన్ టెన్షన్ వస్తే మావాళ్లు క్లినిక్‌కి పోయి "వెల్లుల్లి ఇంజెక్షన్" ఎక్కించుకొచ్చేవాళ్లు. అందులో వెల్లుల్లి ఏమీ ఉండదు, ఒక రకం బి1, ఎక్కిస్తుంటే గొంతులోకి ఆ వాసన వస్తుందట. నన్నూ రమ్మన్నారు. నా రోగానికి అది మందు కాదు.

నాకు ముందు వారం వారం ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. తిమ్మిర్లు పోవడానికి నాలుగు నెలలు పట్టింది, ఎడమ బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా నాది కాదు. ఇప్పుడు పెరుగు ఇంట్లోనే తోడేసుకుంటున్నాను (చక్కెర లేని పెరుగు డబ్బా ఒకటి కొంటే తోడుకి చాలు), కానీ ఒక గ్లాసు పాలలో బి12 ఒక మైక్రోగ్రాముకి కాస్త అటూఇటూ, అందుకే మాత్ర మానలేదు. డోసు మీ డాక్టరుని అడగండి. విమానం ఎక్కేముందే ఒకసారి బి12 పరీక్ష చేయించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. నేను చేయించుకోలేదు, ఆ 138కి ముందు ఎంతుండేదో నాకిప్పటికీ తెలీదు.