కరెంటు పోతే సంప్ ఎందుకు పొంగుతోందంటే

నమస్తే అండీ. నాలుగడుగుల డిస్కస్ చేపల ట్యాంకుకు సొంతంగా సంప్ (ట్యాంకు కింద నీళ్లు వడకట్టే తొట్టి) చేసుకున్నానని, కరెంటు పోయిన ప్రతిసారీ గదంతా నీళ్లేనని రాశారు. ఓవర్‌ఫ్లోను (ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగే దారిని) మార్చే పని పెట్టుకోకండి. ఫొటో చూస్తే అసలు దొంగ రిటర్న్ పైపు, అంటే మోటారు సంప్ నీళ్లను తిరిగి ట్యాంకులోకి పంపే పైపు. దాని మూతి నీళ్లలో నాలుగంగుళాల లోతున ఉంది. మోటారు ఆగగానే అదే పైపు సైఫన్‌లా వెనక్కి లాగుతుంది, మూతి బయటపడేదాకా ఆగదు. ట్యాంకు వెడల్పు అడుగున్నర కాబట్టి ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు. నాలుగంగుళాలకు 56. సంప్‌లో అంత ఖాళీ ఎక్కడిది?

నీటిమట్టానికి అర అంగుళం కింద, ట్యాంకు లోపలి వైపుకు చూసేలా ఆ పైపుకు 5 మి.మీ. బెజ్జం వేయండి. మట్టం దిగగానే గాలి పీల్చి సైఫన్ తెగిపోతుంది. మోటారు నడిచేటప్పుడు అందులోంచి కాస్త నీళ్లు చిమ్ముతాయి, టెన్షన్ పడకండి. నాచు పట్టి మూసుకుపోతుంది కాబట్టి వారానికోసారి అగ్గిపుల్లతో పొడవాలి. నేనోసారి బద్ధకించి, అర్ధరాత్రి చీపురు పట్టుకున్నాను.

తర్వాత మీరే మోటారు ఆపి చూడండి. సంప్ నీళ్లు అంచుకు రెండంగుళాల కింద ఆగేలా తగ్గించి, మళ్లీ ఆన్ చేశాక ఉన్న మట్టాన్ని మార్కర్‌తో గీయండి. ఆ గీత దాటి నింపొద్దు.

రోజువారీ నీళ్ల మార్పుకు సంప్ అడుగున బాల్ వాల్వ్ చాలు. తిప్పే ముందు మోటారు, హీటర్ రెండూ ఆపేయండి. సంప్‌లోని ఫిల్టర్ స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కు అందులో నీళ్లను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి.