పీయూషం, చేపు

సందేహం: పాఠ్యపుస్తకంలో ‘పీయూష గ్రంథి’ అని ఉంది. పీయూషం అంటే అమృతం కదా, మెదడు కింది గ్రంథికి ఆ పేరేమిటి? ‘గ్రంధి’ అని రాసినా చెల్లుతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, ఒంగోలు

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. ముడి వేయడమనే అర్థమున్న ‘గ్రంథ్’ ధాతువు నుంచి పుట్టిన మాట కాబట్టి థకారమే ఒప్పు. పత్రికలు రోజూ ధకారాన్ని అచ్చువేస్తున్నా ఒప్పైపోదు.

ఇక పీయూషం. అమృతం దానికి ఒక అర్థం మాత్రమే. ‘పీయూషోఽభినవం పయః’ అన్నాడు అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు. అంటే కొత్తగా ఈనిన ఆవు పాలు, మన జున్నుపాలు. ఈ గ్రంథికి ఇంగ్లీషులో ఉన్న పిట్యుటరీ అనే పేరుకు మూలమైన లాటిన్ మాటకేమో శ్లేష్మమని అర్థం! మెదడులోని శ్లేష్మం ఆ గ్రంథి గుండా ముక్కులోకి దిగుతుందని పూర్వం ఐరోపా వైద్యులు నమ్మారు. ధ్వని పోలికను బట్టే మనవాళ్లు పీయూషాన్ని ఎంచుకున్నారని నా అభిప్రాయం. అయినా పేరు చక్కగా అతికింది. చనుబాలను ఊరించే ప్రొలాక్టిన్, వాటిని బయటికి నెట్టే ఆక్సిటోసిన్ రెండూ నెత్తురులో కలిసేది బఠాణీ గింజంత ఉన్న ఆ గ్రంథి నుంచే.

ఆ నెట్టడానికి తెలుగులో ఉన్న మాట ‘చేపు’. మీ ఒంగోలు ఆవు దగ్గరే చూడండి. దూడను విడవగానే అది పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మి చీకుతుంది. కాసేపటికి చన్నులు నిండి బిగుసుకుంటాయి. ‘చేపింది, దూడను లాగు’ అంటారు పిండేవారు. ఆ కాసేపట్లో జరిగింది ఇంతా అంతా కాదు. చన్నుల నుంచి కబురు నరాల మీదుగా మెదడుకు వెళ్లింది; జవాబుగా ఆక్సిటోసిన్ నెత్తురులో పడి పొదుగుకు చేరి, పాలతిత్తుల చుట్టూ ఉన్న కణాలను బిగించింది. మనిషిలోనూ ఇదే పద్ధతి. పక్కగదిలో బిడ్డ ఏడ్చినా చాలు, తల్లికి చేపు వచ్చి రవిక తడుస్తుంది. ఆవు బెదిరితే ఎగచేపుతుంది, అంటే పాలు దిగనివ్వకుండా బిగబడుతుంది; బెదురుకు ఊరే అడ్రినలిన్ ఆ పనిని అడ్డుకుంటుంది. ఇలా రెండు వైపులకూ మాటలున్న భాష మనది. అవి వదిలేసి టీవీలో ‘పాలు రిలీజ్ అవుతాయి’ అంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పీయూష గ్రంథిని మార్చమని నేననను, పిట్యుటరీ అన్నవారినీ తప్పుపట్టను. తరగతిలో మాత్రం ‘చేపు’ అనే చెప్పి చూడండి. పాడి ఉన్న ఇంటి పిల్లలకు మళ్లీ విడమరచే పని ఉండదు.