మా కుక్కకు కిడ్నీలు పాడయ్యాయి.. ఇంజెక్షన్ ఇప్పిస్తే పాపమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజమహేంద్రవరం. నాకు 49 ఏళ్లు, హైస్కూల్లో టీచర్‌ని. మా లాబ్రడార్ చింటూకి 11 ఏళ్లు. మా అబ్బాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. అబ్బాయి ఇప్పుడు ఎంఎస్ చదవడానికి డాలస్ వెళ్లాడు. నెల రోజులుగా చింటూ సరిగా తినడం లేదు, వాంతులు అవుతున్నాయి, బాగా చిక్కిపోయాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 8.2 వచ్చింది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని తేలింది. ఇక నయం కాదని, బాధ ఎక్కువైతే నొప్పి లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ గురించి ఆలోచించమని మా డాక్టర్ చెప్పారు. మా అత్తగారు ఆ మాట ఎత్తితేనే ‘మహా పాపం, ఉసురు తగులుతుంది’ అంటున్నారు. మావారేమో ‘కుక్క కోసం ఇంత ఏడుపేంటి’ అంటారు. నాకు నిద్ర పట్టడం లేదు. చలికాలంలోనే వాడు నీళ్లు ఎక్కువ తాగుతుంటే నేను పట్టించుకోలేదు. అంతా నా వల్లేనేమో అనిపిస్తోంది. అబ్బాయికి ఇంకా చెప్పలేదు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ‘అంతా నా వల్లేనేమో’ అన్నారే, ముందు దానికి జవాబు చెప్తాను. ఆ బరువు మనసులో ఉన్నంతసేపూ నేను చెప్పే మిగతా మాటలేవీ మీకు ఎక్కవు. చింటూకి ఈ జబ్బు మీ వల్ల రాలేదు.

కిడ్నీలు చివరిదాకా కష్టం బయటికి చెప్పవు. మూడింట రెండు వంతులు దెబ్బతినే దాకా మూత్రం పలచబడదు. దాదాపు 75 శాతం పోయాక గానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన మలినం) పెరగదు. అప్పటిదాకా కుక్క తింటుంది, ఆడుతుంది, గేటు దగ్గర పాలబ్బాయిని చూసి మొరుగుతుంది. చలికాలంలో మీకు ఆ దాహం కనిపించే నాటికే జబ్బు చాలా దూరం వచ్చేసింది. అప్పుడే తీసుకెళ్లి ఉంటే ఆహారం మార్చి, మందులు మొదలుపెట్టి ఉండేవాళ్లు. కొన్ని నెలలు కలిసొచ్చేవేమో, అది కాదనను. కానీ జబ్బు మాత్రం ఆగేది కాదు. (ఇంట్లో ఏడేళ్లు దాటిన కుక్క ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. నీళ్లు తాగడం, మూత్రం పోయడం ఒక్కసారిగా పెరిగితే వెంటనే చూపించండి.)

ఈ జబ్బును మేము నాలుగు దశలుగా చూస్తాం. క్రియాటినిన్ 5 దాటితే నాలుగో దశ. చింటూ అక్కడున్నాడు. డయాలసిస్ చేయిస్తే బతుకుతాడా అని చాలామంది అడుగుతారు. విషం తిన్నప్పుడో, ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతింటే, అవి కోలుకునే దాకా డయాలసిస్ ఆదుకుంటుంది. ఏళ్ల తరబడి పాడై కుంచించుకుపోయిన కిడ్నీలు మళ్లీ పనిచేయవు. కాబట్టి మీ డాక్టర్ మీకు చెప్పింది నిజమే. ఇంకో నాలుగు ఆస్పత్రులు తిప్పి వాణ్ని కారులో అలసిపోనివ్వకండి.

అలాగని చేసేదేమీ లేదనుకోవద్దు. ఇప్పుడు చాలా ఉంది, అదీ మీ చేతుల్లోనే.

వాంతులు ఆగడానికి, కడుపులో మంట తగ్గడానికి మందులున్నాయి. అవి సమయం తప్పకుండా పడితే చాలా కుక్కలు మళ్లీ నాలుగు ముద్దలు తింటాయి. చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మెడ వెనక, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మం కింద ఇస్తారు. అక్కడ మూపురంలా ఉబ్బుతుంది, భయపడకండి, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులకోసారి ఇవ్వాలి అనేది మాత్రం మీ డాక్టరే చెప్పాలి. ఇల్లంతా మూత్రం పోస్తున్నాడని నీళ్ల గిన్నె మాత్రం తీసేయకండి. ఈ పొరపాటు చాలా ఇళ్లలో చూస్తాను. వాడి కిడ్నీలు నీటిని నిలుపుకోలేవు, తాగకపోతే ఒక్క రోజులోనే వాడి పరిస్థితి దిగజారుతుంది. గిన్నె ఒకటి కాదు, మూడు చోట్ల పెట్టండి.

కిడ్నీ రోగులైన కుక్కల కోసం ప్రత్యేకమైన ఆహారం అమ్ముతారు. మొదటి దశల్లో అది బాగా పనికొస్తుంది. ఇప్పుడు వాడు ముట్టకపోతే బలవంతం వద్దు, సిరంజితో నోట్లోకి కొట్టొద్దు. మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు తెల్లసొన, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లు గోరువెచ్చగా పెట్టండి. వేడికి వాసన లేస్తుంది, వాసన తగిలితే తినబుద్ధవుతుంది. చిన్నప్పటి నుంచి పెరుగన్నం తిని పెరిగినవాడైతే రెండు ముద్దలు పెరుగన్నం పెట్టండి. ఈ దశలో వాడికి ఇష్టమైంది రెండు ముద్దలు తినడమే నాకు ముఖ్యం. ఒంట్లో మలినాలు పేరుకోవడం వల్ల నోట్లో పుండ్లు పడతాయి, దుర్వాసన వస్తుంది. మెత్తటి తడి గుడ్డతో పెదవులు, చిగుళ్లు తుడవండి. టైల్స్ మీద కాళ్లు జారుతుంటే వాడు తిరిగే దారిలో పాత చాపలో, గోనె పట్టాలో పరవండి. లేవలేకపోతే మెత్తటి బొంత మీద పడుకోబెట్టి మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి, లేదంటే ఒరుసుకుని పుండ్లు పడతాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మిగిలిన కాస్త కిడ్నీని కూడా తినేస్తాయి.

ఇక ఇంజెక్షన్ సంగతి. మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని నాకు తెలుసు.

‘ఎప్పుడు?’ అని నన్ను అడిగితే నేను తారీఖు చెప్పలేను. కానీ చూడటానికి ఒక పద్ధతి చెప్తాను. జంతువుల క్యాన్సర్ వైద్యం చేసే అమెరికా డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ ఏడు విషయాలతో ఒక కొలమానం తయారుచేశారు. నొప్పి అదుపులో ఉందా, తింటున్నాడా, ఒంట్లో నీరు సరిపడా ఉందా, శుభ్రంగా ఉండగలుగుతున్నాడా, సంతోషం కనిపిస్తోందా, కదలగలుగుతున్నాడా, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా. ఒక్కోదానికి పదికి మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే ఇంకా కొనసాగించవచ్చని లెక్క. మీరు టీచర్, మార్కులు వేయడం నేను నేర్పక్కర్లేదు. కాకపోతే ఒక్కరే వేయకండి. మీరూ, మీవారూ, మీ అత్తగారూ ఎవరికి వారు వేసి పక్కపక్కన పెట్టి చూడండి. దానితోపాటు గోడ మీది క్యాలెండర్‌లో రోజూ రాత్రి మంచి రోజైతే ఒక చుక్క, చెడ్డ రోజైతే ఒక గీత పెట్టండి. ప్రేమ ఉన్నచోట కళ్లు మోసం చేస్తాయి. ఒక్కసారి తోక ఊపగానే అంతకుముందు రాత్రంతా వాడు మూలిగింది మర్చిపోతాం. గీతలు వరసగా పడుతున్నప్పుడు మీకే తెలుస్తుంది.

నాకిది తెలియడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం మా ఇంటి కుక్కకు క్యాన్సర్ వచ్చింది. రోజూ ఎందరికో సలహా చెప్పే నేను, నా కుక్క దగ్గరికొచ్చేసరికి ‘రేపు చూద్దాం’ అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. ఆ నాలుగు రోజులూ అది ఊపిరి కోసం కొట్టుకుంది. నేను దాన్ని బతికించుకోలేదు, వదల్లేక పట్టుకున్నానంతే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. మీకు ఆ బాధ రాకూడదనే ఇది రాస్తున్నాను.

‘దానంతటదే నిద్రలో పోతే బాగుండు’ అని అందరూ కోరుకుంటారు. కిడ్నీ జబ్బులో అలా జరగడం అరుదు. చివరి రోజుల్లో వాంతులు ఆగవు, ఫిట్స్ రావచ్చు, ఆయాసం రావచ్చు. ఆ దశకు ముందే ఆపడానికే ఈ ఇంజెక్షన్.

ఎలా ఉంటుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. చింటూ కొద్ది నిమిషాల్లో గాఢంగా నిద్రపోతాడు. మీ ఒళ్లో తల పెట్టుకుని ఉండొచ్చు. ఆ తర్వాత నరంలోకి ఎక్కువ మోతాదులో మత్తుమందు ఇస్తారు. స్పృహ పూర్తిగా పోతుంది, ఒకటి రెండు నిమిషాల్లో శ్వాస, ఆ వెంటే గుండె ఆగిపోతాయి. కళ్లు మూతపడవు. ఒకట్రెండు సార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు కనిపించవచ్చు, కండరాలు అదరొచ్చు, మూత్రం పడొచ్చు. అప్పటికి వాడికి ఏమీ తెలియదు, నొప్పి ఉండదు. ఇవి ముందే చెప్పకపోతే చూసినవాళ్లు ‘ఇంకా బతికున్నాడు’ అని గుండె పగిలేలా ఏడుస్తారు. ముందుగా మత్తు ఇస్తారా అని మీ డాక్టర్‌ని స్పష్టంగా అడగండి. ఇస్తామంటేనే ఒప్పుకోండి. వీలైతే ఇంటికే రమ్మనండి. ఆస్పత్రి వాసన తగిలితేనే వణికే కుక్కలు చాలా ఉంటాయి.

మీ అత్తగారితో వాదించకండి. ఆవిడ మాటలో ఉన్నది చింటూ మీద ప్రేమే. మధ్యాహ్నాలు మీరంతా బయటికెళ్లినప్పుడు వాడికి తోడు ఆవిడే కదా. ఒక రోజు రాత్రి వాడు వాంతి చేసుకుంటున్నప్పుడు ఆవిణ్ని పక్కన కూర్చోమనండి. లేదా మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆయన నోటితో చెప్పించండి. ప్రాణం తీయడమా, బాధ తీర్చడమా అనే సందేహం ఆవిడలాంటి పెద్దవాళ్లకు రావడం సహజం. నా మట్టుకు నేను, బాధ తప్ప ఏమీ మిగలని ప్రాణికి ఆ బాధ తీర్చడం పాపమని ఎన్నడూ అనుకోలేదు. చివర్లో తులసి తీర్థం పోయాలని ఆవిడ అడిగితే పోయనివ్వండి. మత్తు ఇవ్వకముందే, వాడు మింగగలిగినప్పుడే, రెండు చుక్కలు. స్పృహ లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తర్వాత ఏం చేయాలో కూడా ముందే అనుకోండి, ఆ రోజు ఆలోచించే స్థితి ఉండదు. సొంత పెరడు ఉంటే బావికీ బోరుకూ దూరంగా, కనీసం నాలుగడుగుల లోతు తవ్వి పూడ్చండి. ఆ మందు శరీరంలో చాలాకాలం ఉంటుంది, పైపైన పూడిస్తే వీధికుక్కలు, పక్షులు తవ్వి తిని చచ్చిపోతాయి. గోదావరిలో కలపడం మాత్రం వద్దు. స్థలం లేకపోతే నగరపాలక సంస్థ వాళ్లను అడగండి. హైదరాబాద్ పాఠకులకు ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది.

ఇప్పుడు మీ గురించి. వాడు కళ్లముందు ఉండగానే మీరు ఏడుస్తున్నారు. రాబోయే ఎడబాటును తలుచుకుని పడే దుఃఖం అది, కొత్తదీ కాదు, వింతదీ కాదు. పైగా మీ దుఃఖానికి చుట్టూ గుర్తింపు లేదు. మనిషి పోతే పదిమంది వస్తారు, కుక్క పోతే స్కూల్లో సెలవు అడగడానికే మొహమాటం. అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి దుఃఖాల గురించి ప్రత్యేకంగా రాశారు. సమాజం గుర్తించని దుఃఖం మామూలు దుఃఖం కన్నా ఎక్కువ కుంగదీస్తుంది, ఎందుకంటే దాన్ని దాచుకోవాల్సి వస్తుంది. మీరు దాచుకోకండి. మీవారు అలా అనడానికి కారణం కఠినత్వమే కాకపోవచ్చు. క్లినిక్‌లో ‘ఉత్త కుక్కే కదా’ అన్న మగవాళ్లే తర్వాత పార్కింగ్‌లో బైక్ మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. సాయంత్రం సెలైన్ పెట్టేటప్పుడు సీసా ఆయన్ను పట్టుకోమనండి.

వాడు పోయాక కొన్నాళ్లు రాత్రిళ్లు టైల్స్ మీద గోళ్ల చప్పుడు వినిపించినట్టు ఉంటుంది. అన్నం కలిపేటప్పుడు చెయ్యి తెలియకుండా ఒక ముద్ద పక్కకు తీస్తుంది. కంగారు పడకండి, ఇవి పిచ్చి లక్షణాలు కావు. గిన్నె, గొలుసు ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడే తీయండి. ‘ఇంకోదాన్ని తెచ్చుకోండి’ అనే సలహా వెంటనే వినకండి. కానీ రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోతే, స్కూలుకు వెళ్లలేకపోతే, బతకాలని అనిపించకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, రాత్రయినా పగలైనా. ఇప్పుడే అంత భారంగా ఉంటే ఇప్పుడే చేయండి, రెండు వారాలు ఆగక్కర్లేదు.

ఇక అబ్బాయి. పరీక్షల టెన్షన్‌లో ఉంటాడని మీరు దాస్తున్నారేమో. అంతా అయ్యాక తెలిస్తే ‘నాకెందుకు చెప్పలేదమ్మా’ అనే మాట మీ ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆరో తరగతిలో ఆ కుక్కపిల్లను చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది అతనే. నిర్ణయంలో అతని మాట కూడా అడగండి. మత్తు ఇచ్చేముందు వీడియో కాల్‌లో ఉంటాడో లేదో అతన్నే తేల్చుకోనివ్వండి. కళ్లు మసకబారినా కుక్కలు తెలిసిన గొంతును గుర్తుపడతాయి. ఫోన్ చింటూ చెవి దగ్గర పెట్టి అతన్ని పేరు పెట్టి పిలవమనండి. ఈ రాత్రి తొమ్మిదింటికి చేయండి, డాలస్‌లో అప్పటికి పొద్దున్నే అవుతుంది.