మీ కుక్క, మీ ప్రశ్న: బాత్రూంల నుంచి బయటికి రాని లాబ్రడార్, గోడ దుంకే హస్కీ

ప్రశ్న: అక్కా, పోయిన నెల ఒక రెస్క్యూ (వదిలేసిన కుక్కల్ని సాకే జాగ) నుంచి ఆడ లాబ్రడార్‌ని తెచ్చుకున్నం. ఆరేండ్లు ఉంటయంట, పిల్లలు తీసి అమ్ముకునేటోళ్ళ దగ్గర ఉండేనంట. వచ్చిన కాడి నుంచి బాత్రూంలనే పంటది, మేం చూస్తుంటే తినది, మెట్లెక్కది, మా ఆయన ఇంట్లకి రాంగనే ఉచ్చ పోసుకుంటది. దీనికి పిచ్చుంది, వాపస్ ఇచ్చెయ్యమని మా అత్తమ్మ ఒకటే పోరు.
- ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: పిచ్చి గిచ్చి ఏం లేదు చెల్లె, ఇల్లంటే ఏందో దానికి తెల్వదు అంతే. పిల్లల కోసం పెట్టుకున్న ఆడకుక్కలు మస్తుమట్టుకు బోనుల్నే బతుకుతయి, ఆర్నెల్లకోసారి ఎదకొచ్చుడు, 63 రోజులు మోసుడు, కనుడు, నెలన్నర కాకముందే పిల్లల్ని గుంజుకపోవుడు, మల్ల అదే కథ. దాని మోచేతుల కాడ చూడున్రి, వెంట్రుకలు ఊడిపోయి నల్లగ కాయ కట్టి ఉంటది, అది ఉత్త సిమెంటు మీద ఏండ్లకేండ్లు పన్న గుర్తు. ముందరి పండ్లు అరిగి ఉంటే చువ్వలు కొరికి కొరికి అట్లయినయి అనుకోవచ్చు. గసొంటి కుక్క కుక్కర్ విజిల్ విన్నదా, మిక్సీ విన్నదా, మెట్లు చూసిందా? బాత్రూం అంటే మూడు దిక్కుల గోడ, ఒక్కటే తలుపు, కింద సల్లటి బండ, దానికి తెలిసిన జాగ లెక్కనే కొడుతుంది, అందుకే అండ్ల దూరింది.

గుంజి బయటికి తీయకున్రి. గిన్నె ఆడనే పెట్టి మీరు పక్కకు పోవున్రి, రెండు మూడు రోజులకోసారి గిన్నెని జానెడు జానెడు బయటికి జరుపుకుంట రావున్రి. రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేసి అక్కడ ఏ టైంకి పెట్టేటోళ్ళు, ఏం పెట్టేటోళ్ళు అడిగి కొన్ని రోజులు అదే టైం అదే తిండి పెడితే సగం భయం దానంతటదే పోతది, ముద్దుల కన్న టైం మీదనే ఈ కుక్కలకు నమ్మకం. మీ ఆయన విషయం, ఇంట్లకి రాంగనే దాని దిక్కు చూడొద్దు, వంగి నెత్తి మీద చెయ్యి పెట్టొద్దు. పక్కకు తిరిగి కింద కూసొని ఫోన్ చూసుకోమనున్రి, ఎట్లైనా ఆ పని చేస్తనే ఉంటడు కదా. మధ్యల ఉడికిన చికెన్ ముక్క ఒకటి దాని దిక్కు ఇసిరితే చాలు. ఉచ్చ పోసుకున్నప్పుడు తిట్టకున్రి, అది భయానికి పోసుడు, కావాలని పోసుడు కాదు. కొత్త ఇంటికి కుక్క మెల్లమెల్లగ అలవాటు పడేదానికి రెస్క్యూలోళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక అందాజ లెక్క చెప్తరు, మీకింకా నెలే అయింది, అత్తమ్మకి జర చెప్పున్రి.

ఒక్కటి మాత్రం ఇయ్యాలనే అడగున్రి, దానికి పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ అయిందా లేదా. కాకపోతే ఇంత వయసు ఆడకుక్కలకు ఎద అయినంక నెలా రెండు నెలలకు గర్భసంచిల చీము పట్టే ప్రమాదం ఉంటది. ఊకె నీళ్ళు తాగుడు, తిండి మానుడు, కింది నుంచి వాసనతోని చీము కారుడు, ఇండ్ల ఏది కనబడ్డా తెల్లారే దాక ఆగొద్దు. కారకుండ లోపలనే చీము నిలిచిందంటే ఇంకా డేంజర్.

ప్రశ్న: మా తమ్ముడు ఇన్‌స్టాల చూసి సైబీరియన్ హస్కీ కొన్నడు. ఎండలకు ఆగుతలేదు, గుండు గీపిద్దామనుకుంటున్నం. రాత్రంత ఊళ పెడుతది, గోడ దుంకి ఉరుకుతది, గల్లీ వాళ్ళు కొట్లాటకొస్తున్రు. రెస్క్యూల ఇచ్చేయొచ్చా?
- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: గుండు వద్దు. దాని బొచ్చు రెండు వరుసలుంటది, పైది చర్మాన్ని ఎండ నుంచి కాస్తది, గీకేస్తే చర్మం కాలుతది, మల్ల వచ్చే బొచ్చు సక్కగ రాకపోవచ్చు. లోపల ఊడిన మెత్తటి బొచ్చుని దువ్వెనతోని తీసెయ్యున్రి, గాలి ఆడుతది. పాలమూరు ఎండల్ల అయితే కూలర్ ఉన్న రూంల ఉంచాలె, వాకింగ్ పొద్దుగాల ఆరింటి లోపల్నే అయిపోవాలె, సాయంత్రం పోయే ముందు రోడ్డు మీద మీ చెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడున్రి, మీకు కాలితే దాని పాదాలకూ కాలుతది. కుక్క ఒళ్ళు మామూలుగనే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటది, 104 దాటి రొప్పుకుంట చొల్లు కార్చుకుంట తూలుతుందంటే ఒళ్ళంత నల్లా నీళ్ళు పోసి ఫ్యాన్ పెట్టి అట్లనే పశువుల దవాఖానకు ఉరకున్రి.

ఊళ, గోడ దుంకుడు అంటరా, అది మంచుల బండి గుంజుకుంట మైళ్ళకు మైళ్ళు ఉరికే జాతి, వరండాల కట్టేస్తే ఏం చేస్తది మరి? మీ తమ్ముడు వీడియోల ఏం చూసి మురిసిండో ఇయ్యాల గదే మీకు తలనొప్పి అయింది. రెస్క్యూలల్ల ఉన్న జాతి కుక్కల్ల ఎక్కువ గిట్లనే వచ్చినయి. కాపలా కాయాలని జర్మన్ షెపర్డ్ తెస్తరు, అది ఇంటికొచ్చిన అల్లుని మీద మొరిగితే వదిలేస్తరు. ఇయ్యాలంటే ముందుగాల ఫోన్ చేయున్రి, జాగ దొరికే దాక ఆగాల్సి రావొచ్చు. టీకాల కార్డు ఇయ్యున్రి, ఎవర్నన్న కరిచి ఉంటే దాచకున్రి, తర్వాత దాన్ని తీస్కపోయే ఇంట్ల చిన్నపిల్లలుంటరు. రాత్రి పూట గేటుకు కట్టేసి పోవుడు మాత్రం చెయ్యకున్రి.

ప్రశ్న: మా లాబ్‌కి అమ్మ మూడు పూటలు పెరుగన్నం పెడుతది, అయినా అడుక్కుంటనే ఉంటది. కడుపు నిండుతలేదా?
- మిర్యాలగూడ

జవాబు: నిండుతది, దానికే తెలుస్తలేదు. 2016ల కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు చూస్తే లాబ్రడార్లల్ల సుమారు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని కంట్రోల్ చేసే జీన్ల తేడా ఉందని తేలింది. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలుస్తలేవంటే లావైనట్టే. రెండు పూటలే, అన్నం తగ్గించి గుడ్డో చికెనో కలపమనున్రి. ఉల్లిగడ్డ, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన బొక్కలు అసలే వద్దు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ చదువుతున్న. ఆదివారం రెస్క్యూకి పోయి కుక్కలతోని ఆడుకోవాలని ఉంది, రానిస్తరా?
- దేవరకొండ

జవాబు: రానిస్తరు తమ్మి, కాని ఆడుడు చివర్ల, ముందుగాల పియ్యి ఎత్తుడు. నవ్వకు, అక్కడ పొద్దున జరిగే పెద్ద పరీక్ష అదే. ఏ బోనుల పల్చగ ఉంది, యాడ రక్తం ఉంది, పురుగులున్నయా అని చూసి నోట్‌బుక్కుల రాస్తరు. కొత్తగ వచ్చిన వాటిని రెండు వారాలు వేరే పెడతరు, వాటి పని అందరికన్న ఆఖరికి చేస్తరు, లేకుంటే చెప్పులతోనే రోగం అన్ని బోన్లకి తిరుగుతది. పార్వో అనే వైరస్ (కుక్కలకు వాంతులు, రక్త విరేచనాలు పట్టిస్తది) ఫినాయిల్‌కి పోదు, బ్లీచింగ్ నీళ్ళే కావాలె. తిండి వేరే వేరే గిన్నెలల్ల దూరం దూరంగ పెట్టాలె, లేకుంటే అక్కడనే యుద్ధం. తిన్నంక గోమార్లు ఏరుడు, చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్ల, తోక కింద. చిగుళ్ళు తెల్లగ పాలిపోయినయా చూస్తరు, గోమార్ల జ్వరం అక్కడ దొరుకుతది. దానికి డాక్సీసైక్లిన్ ఇంచుమించు నెల రోజులు వాడాలె, వారానికి తినుడు మొదలుపెట్టగానే గోలీలు ఆపేసేటోళ్ళ కుక్కలే మల్ల వస్తయి.

నీకు గిన్నెలు కడుగుడు, షెపర్డ్‌లకు దువ్వుడు, సాయంత్రం ముసలి కుక్కని మెల్లగ నడిపించుడు దొరకొచ్చు. పాత దుప్పట్లు, పేపర్లు పట్టుకపో. మీ ఇంట్ల టీకాలు పూర్తిగాని కుక్కపిల్ల ఉంటే వచ్చినంక చెప్పులు బయటనే ఇడిచి బట్టలు మార్చుకొని దగ్గరికి పో. కుక్కలతో తిరుగుతవు కాబట్టి రేబీస్ టీకా ముందే వేపిచ్చుకో, అయినా పన్ను గీసుకున్నదంటే సబ్బు పెట్టి 15 నిమిషాలు నల్లా కింద కడిగి అదే రోజు దవాఖానకు పో, పసుపు గిసుపు రాయకు.