హ జువోషియు ఎవరు? ఆయన చుట్టూ అంత వివాదం ఎందుకు?

1927లో షాంఘైలో పుట్టిన సిద్ధాంత భౌతిక శాస్త్రవేత్త. చైనా హైడ్రోజన్ బాంబు తొలి పరిశోధనల్లో పనిచేశారు, 1980లో చైనీస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యుడయ్యారు.

కానీ ఆయన పేరు మార్మోగింది ఫిజిక్స్ వల్ల కాదు. 1999 ఏప్రిల్‌లో తియాన్‌జిన్‌లోని ఒక కాలేజీ పత్రికలో, కుర్రకారు చీగోంగ్ (శ్వాస, నెమ్మది కదలికలతో చేసే చైనా సాధన) చేయడం తనకు సమ్మతం కాదని చిన్న వ్యాసం రాశారు. అందులో చీగోంగ్ నుంచి పుట్టిన ఆధ్యాత్మిక ఉద్యమం ఫాలున్ గోంగ్‌ను తప్పుపట్టారు. దాని అనుచరులు కాలేజీకి వెళ్లి నిరసన తెలిపారు. కొందరిని పోలీసులు పట్టుకెళ్లారు. ఏప్రిల్ 25న దాదాపు పది వేల మంది బీజింగ్‌లో, పార్టీ పెద్దలుండే ఝోంగ్‌నన్‌హాయ్ బయట రోడ్ల వెంబడి మౌనంగా నిలబడ్డారు. సర్కారుకు టెన్షన్ పట్టుకుంది. జులైలో ఫాలున్ గోంగ్‌పై నిషేధం, ఆ వెంటనే అరెస్టులు.

చీగోంగ్ లాంటి వాటి పేరిట చెప్పే మహిమల బండారం బయటపెట్టడంలో ఆయన వాదన చాలావరకు సబబేనని నా అభిప్రాయం. సంప్రదాయ చైనా వైద్యాన్నీ ఆయన వదల్లేదు. చిక్కల్లా, 1947 నుంచీ కమ్యూనిస్టు పార్టీ మనిషి కావడంతో ఆయన విమర్శకూ ప్రభుత్వ లాఠీకీ మధ్య గీత చెరిగిపోయింది. అలాగని ప్రతిదానికీ తలూపే రకమూ కాదు. ఫుకుషిమా ప్రమాదం తర్వాత, తీరానికి దూరంగా అణు విద్యుత్ కేంద్రాలు కట్టొద్దని గట్టిగా వాదించారు.