ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తే టీబీయేనా?

ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఛాతీ వైద్యులు, క్యాన్సర్ వైద్యులు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా బీడీలు తాగుతారు. దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీసి, కుడివైపు పైభాగంలో మచ్చ ఉందని టీబీ మందులు మొదలుపెట్టారు. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. రెండున్నర నెలలు మందులు వాడినా దగ్గు అలాగే ఉంది. ఈ వారం కఫంలో రక్తపు చారలు కనిపించాయి. ఆరు నెలల కోర్సు అయ్యేదాకా చూద్దామంటున్నారు. ఆగవచ్చా? (నిజామాబాద్)

జవాబు: ఆగకండి. ఈ వారంలోనే ఛాతీ వైద్యుడికి చూపించండి.

టీబీ ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగాన్నే పట్టుకుంటుంది. పొగ తాగేవారికి వచ్చే క్యాన్సర్ కూడా తరచుగా అక్కడే మొదలవుతుంది. దగ్గు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, కఫంలో రక్తం రెండింటిలోనూ ఉంటాయి. కాబట్టి ఫిల్ము ఒక్కదాన్నే చూసి ఇది టీబీ అని తేల్చడం కుదరదు. మన దగ్గర టీబీ ఎక్కువ కనుక డాక్టరు ముందు దాన్నే అనుమానించడం తప్పు కాదు. రుజువు లేకుండా మందులు మొదలుపెట్టి, గుణం కనిపించకపోయినా నెలల తరబడి కొనసాగించడమే తప్పు. ఆపరేషన్‌తో తీసేయగలిగే గడ్డ ఈలోగా చేయి దాటిపోతుంది. టీబీ మందులు పనిచేస్తుంటే మామూలుగా మొదటి నెలలోనే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. రెండు నెలలైనా మార్పు లేదంటే మందులకు లొంగని టీబీ అయినా కావాలి, లేదా అసలు టీబీయే కాకపోయి ఉండాలి. రెండింటికీ మళ్లీ పరీక్షలే దారి.

ముందుగా కఫాన్ని మళ్లీ పరీక్షకు ఇవ్వండి. టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నిద్ర లేవగానే నోరు మంచినీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి కఫం ఓ చెంచాడు కావాలి. చాలామంది డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. దాంట్లో ఏమీ దొరకదు, రిపోర్టు మాత్రం ‘లేదు’ అని వస్తుంది.

తర్వాత ఛాతీ సీటీ. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) ఎక్కించే స్కాన్ కనుక ముందే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. గడ్డ కనిపిస్తే బ్రాంకోస్కోపీలో (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) గానీ, సీటీ చూస్తూ సూదితో గానీ ముక్క తీస్తారు. ఇక్కడ మీరు ఒక మాట అడగాలి. తీసిన ముక్కల్లో కొన్ని క్యాన్సర్ పరీక్షకు ఫార్మలిన్‌లోకి, కొన్ని టీబీ కల్చర్‌కు (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) సెలైన్‌లోకి వెళ్లాలి. అన్నీ ఫార్మలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు. తేలకపోతే మళ్లీ సూది పొడిపించుకోవాల్సిందే.

పాత ఎక్స్‌రేలు, సీడీలు ఎన్నేళ్ల కిందటివైనా వెంట తీసుకెళ్లండి. రెండేళ్లుగా పిసరంత కూడా పెరగని గట్టి మచ్చ చాలావరకు పాత గాయం తాలూకు గుర్తే. ఆర్నెల్లలో పెరిగిందంటే సంగతి వేరు. టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెప్పాకే ఆపాలి. రక్తం చారలుగా కాక అర కప్పు, కప్పు చొప్పున పడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. వెళ్లేదాకా ఆయన్ను కుడివైపుకే, అంటే మచ్చ ఉన్న వైపుకే, పడుకోబెట్టండి. అలా చేస్తే మంచిగా ఉన్న ఊపిరితిత్తిలోకి రక్తం పోదు.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రోజుకు పది సిగరెట్ల చొప్పున పాతికేళ్లు తాగి, మూడేళ్ల కిందట మానేశాను. ఏ బాధా లేదు. ముందుజాగ్రత్తగా ఏటా ఎక్స్‌రే తీయించుకుంటే సరిపోతుందా? (గుంటూరు)

జవాబు: ఈ పనికి ఎక్స్‌రే పనికిరాదు. చిన్న గడ్డ గుండె వెనకో, పక్కటెముక కిందో, మెడ ఎముక చాటునో ఉంటే ఎక్స్‌రేలో కనబడదు. తొలిదశలో పట్టగలిగేది తక్కువ రేడియేషన్‌తో తీసే లో డోస్ సీటీ. అమెరికాలో 53 వేల మందికి పైగా ధూమపానం చేసినవారి మీద జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఎక్స్‌రే తీయించుకున్నవారికంటే ఈ సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

అయితే ఇది అందరికీ కాదు. రోజుకు తాగిన సిగరెట్లను 20తో భాగించి, తాగిన ఏళ్లతో గుణించండి. మీకు పన్నెండున్నర వస్తుంది. అమెరికాలో 2021 నుంచి అమల్లో ఉన్న సూచన ప్రకారం 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసు, ఈ లెక్క కనీసం 20, ఇంకా తాగుతూ ఉండటమో మానేసి 15 ఏళ్లు దాటకపోవడమో ఉంటేనే ఏటా స్కాన్ తీస్తారు. మీరు ఆ లెక్కలోకి రారు, తీయించుకోనక్కర్లేదనే మా సలహా. ఆ 2011 పరీక్షలోనే స్కాన్‌లో అనుమానం వచ్చిన ప్రతి వందింటిలో 96 చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. పాత టీబీ మచ్చలు ఇంటింటా ఉండే మన ప్రాంతంలో ఈ బెడద ఇంకా ఎక్కువ. ఆరు మిల్లీమీటర్ల లోపు చుక్కకు భయపడి సూదులు పొడిపించుకోవడం మంచిది కాదు.

బీడీ, చుట్ట తాగేవారికో మాట. పై లెక్క సిగరెట్లది. బీడీ చిన్నదే కదా అని తగ్గించి చెప్పకండి, రోజుకు ఎన్ని కట్టలో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి. ఇక మూడు వారాలు దాటిన దగ్గు, గొంతు బొంగురుపోవడం, భుజంలోంచి చేతిలోకి దిగే నొప్పి, ముఖం, మెడ ఉబ్బడం, ఒకే చోట మళ్లీ మళ్లీ నిమోనియా వంటివి ఉన్నవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. (కర్నూలు)

జవాబు: పాకదు. సూది దారిలో కణాలు అంటుకోవడం చాలా అరుదు. ముక్క లేకుండా ఏ రకమో తెలియదు, రకం తెలియకుండా మందు లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది సూది గుచ్చినచోట గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకోవడం గురించి. అందుకే తర్వాత ఎక్స్‌రే తీసి, కొన్ని గంటలు ఉంచుకుంటారు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. గుండెలో స్టెంట్ ఉన్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

ప్రశ్న: మా అక్కకు 46 ఏళ్లు. జీవితంలో పొగ తాగలేదు. నాలుగో దశ అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అన్నారు. జన్యు పరీక్ష రిపోర్టుకు మూడు వారాలట. అంతకాలం ఎదురుచూడటం ప్రమాదం కాదా? ఖరీదైన మాత్ర ఏదో వెంటనే మొదలుపెట్టమని బంధువులు అంటున్నారు. (విశాఖపట్నం)

జవాబు: ఆ మూడు వారాలు వృథా కావు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 అనే జన్యువుల్లో మార్పులు, ఇమ్యునోథెరపీ ఎంపికకు చూసే పీడీఎల్1 ప్రొటీన్ శాతం చూడకుండా నాలుగో దశ అడినోకార్సినోమాకు మందు ఎంచడం చీకట్లో చేయి చాచడమే. మన దేశంలో ఈ రకం రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది, పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మార్పు ఉంటే మాత్రలు కీమో కంటే బాగా పనిచేస్తాయి. లేనివారికి అవే మాత్రలు ఇస్తే కీమో కంటే నష్టమని 2009లోనే తేలింది. ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ముందు ఇచ్చేసి, తర్వాత ఈజీఎఫ్ఆర్ మార్పుకు వాడే మాత్ర ఒసిమెర్టినిబ్‌కు మారితే ఊపిరితిత్తులు వాచే ముప్పు పెరుగుతుంది. అందుకే తొందర వద్దు. ఆయాసం ఎక్కువై ఆగలేని స్థితి ఉంటే, రిపోర్టు వచ్చేలోగా డాక్టర్లు ఒక విడత కీమో మాత్రమే ఇస్తారు.

ముక్క సరిపోలేదని ల్యాబ్ తిప్పి పంపితే, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన సెల్ బ్లాక్ (కణాలను ముద్దగా చేసి భద్రపరిచింది) మీద కూడా పరీక్ష చేయవచ్చు. రక్తంతో చేసే పరీక్ష ఉంది, అందులో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు, కనిపించకపోతే మాత్రం లేనట్టు కాదు. తీసిన ముక్కను భద్రపరిచిన మైనం బ్లాకును ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవచ్చు. మెదడుకు ఎంఆర్ఐ తీశారో లేదో కూడా అడగండి. ఏ బాధా లేకుండానే అక్కడ చిన్న గడ్డలు ఉండవచ్చు.

ప్రశ్న: మా బాబాయికి కీమో నడుస్తోంది. ఇంట్లో ఏం చూసుకోవాలి? ఆయాసం ఎక్కువగా ఉంది. పైగా ఆయన సిగరెట్ మానడం లేదు, ఇప్పుడు మానితే ఏం ఒరుగుతుందంటున్నారు. (ఖమ్మం)

జవాబు: ఇంట్లో థర్మామీటరు తప్పక ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరమంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, రక్తపరీక్ష, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించుకోవడం. ఉన్నట్టుండి కాళ్లు బలహీనపడినా, నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా ఆ రోజే చూపించాలి. వెన్నుపాము మీద ఒత్తిడి పడితే గంటలు కూడా లెక్కే.

ఆయాసానికి, కుర్చీలో ముందుకు వంగి మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చోబెట్టండి. చిన్న ఫ్యాను గాలి నేరుగా ముఖం మీద తగిలేలా పెట్టండి, నిజంగానే ఉపశమనం ఇస్తుంది. ఆక్సిజన్ శాతం బాగుంటే సిలిండరు వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. తక్కువ మోతాదు మార్ఫిన్ మాత్ర ఆయాసానికీ, నొప్పికీ పనిచేస్తుంది. డాక్టరు రాసిన లెక్కలో వాడితే భయం లేదు, కానీ మొదటి రోజు నుంచే మలబద్ధకం రాకుండా విరేచనం సాఫీగా అయ్యే మందు జతగా ఉండాలి. పాలియేటివ్ వైద్యం (నొప్పి, ఆయాసం వంటి బాధలు తగ్గించే వైద్యం) చివరి రోజులకే అనుకోవద్దు. నాలుగో దశ రోగులకు మొదటి నుంచే దాన్ని జోడిస్తే బాధ తగ్గడమే కాక ఆయుష్షు కూడా పెరిగిందని 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరీక్ష చూపింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది.

సిగరెట్ ఇప్పుడు మానినా లాభమే. ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి, చికిత్స తట్టుకునే శక్తి వస్తుంది. ఎర్లోటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రలైతే పొగ తాగేవారి ఒంట్లో త్వరగా ఖర్చయిపోతాయి. డాక్టరుతో మాట్లాడి నికోటిన్ గమ్ వాడవచ్చు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2 మిల్లీగ్రాములది. ఘాటు తెలిసేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో మంట తప్ప ఏమీ దక్కదు. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. మానడానికి సాయం కావాలంటే ఉచిత జాతీయ సహాయ నంబరు 1800-11-2356.