లక్ష కడితేనే సర్టిఫికెట్లు ఇస్తారట!

ప్రశ్న: మాది హనుమకొండ. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో 300 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతం 18,500. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. పద్నాలుగు నెలలైంది. సెకండ్ వేవ్‌లో కోవిడ్ ఐసీయూలో ఒక్కదాన్నే ఎనిమిది మంది పేషెంట్లను చూశాను. ఏప్రిల్‌లో నాకూ పాజిటివ్ వస్తే 17 రోజుల జీతం కోశారు. ఇక నా వల్ల కాదని రాజీనామా ఇస్తే, లక్ష కట్టాలని, లేదంటే ఎపిడెమిక్ (అంటువ్యాధుల) చట్టం కింద కేసు పెడతామని అంటున్నారు. ఏం చేయాలి? (ఒక సోదరి, జూన్ 2021)

జవాబు: అమ్మా, ముందు ఆ కేసు భయం వదిలేయండి. ఆ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరిస్తేనే నేరం. ప్రైవేటు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం దానికదే నేరం కాదు. మిమ్మల్ని డ్యూటీకి పిలిచిన సర్కారు ఉత్తర్వు ఏదైనా ఉంటే కాపీ ఇవ్వమనండి. నిజానికి 2020లో ఆ చట్టాన్ని సవరించింది మీలాంటి వాళ్ల రక్షణకే. వైద్య సిబ్బందిపై చెయ్యి చేసుకుంటే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. దాన్నే చూపించి మిమ్మల్ని బెదిరించడం నాకు చాలా బాధ కలిగించింది.

సర్టిఫికెట్లు మీ సొత్తు. బాకీ ఉందని వాటిని తాకట్టు వస్తువులా పెట్టుకునే హక్కు ఆస్పత్రికి లేదు. తీసుకున్నట్టు రసీదు ఇచ్చారా? లేకపోతే ఈ రోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: 'ఫలానా తేదీన నేనిచ్చిన టెన్త్ మెమో, జీఎన్‌ఎం డిప్లొమా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తిరిగి ఇప్పించగలరు' అని. 'బాండు డబ్బు కడితే ఇస్తాం' అని వాళ్లు జవాబిస్తే అదే మీకు సాక్ష్యం. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. లేబర్ ఆఫీసులోనూ ఫిర్యాదు ఇవ్వండి.

ఇక బాండు. అది అసలు చెల్లదని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాగని లక్ష రాశారు కాబట్టి లక్షా కట్టాల్సిందేనన్నదీ నిజం కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. నష్టమే జరగనిచోట పరిహారం లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు డబ్బు పెట్టి ప్రత్యేక శిక్షణ ఏమైనా ఇప్పించారా? ఇప్పించి ఉంటే మిగిలిన పది నెలల మేరకు ఏదో కొంత అడగొచ్చు. వచ్చిన రోజు నుంచే వార్డులో నిలబెట్టి ఉంటే వాళ్ల వాదనకు బలం లేదు. ఏదేమైనా మీతో బలవంతంగా పని చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు.

17 రోజుల సంగతి చాలామంది వదిలేస్తారు. మీరు వదలొద్దు. మీ జీతం 21,000 లోపే కాబట్టి పే స్లిప్పులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడండి. ఉంటే జబ్బు సెలవుకు 70 శాతం అక్కడి నుంచి రావాలి. పైగా ఆస్పత్రి పనిలో అంటుకున్న అంటువ్యాధిని ఈఎస్‌ఐ చట్టం వృత్తి సంబంధ వ్యాధుల జాబితాలో చేర్చింది. డ్యూటీలోనే సోకిందని తేలితే అది 90 శాతం. పాజిటివ్ రిపోర్టు, ఆ వారాల డ్యూటీ రోస్టర్ ఫోటో జాగ్రత్త చేయండి.

200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమాన జీతం ఇవ్వాలని 2016లో, సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కేంద్ర కమిటీ సిఫార్సు చేసింది. సిఫార్సే, చట్టం కాదు. కానీ నోటీసులో తప్పక రాయించండి. 2020 మేలో మణిపూర్ తదితర రాష్ట్రాల నర్సులు కోల్‌కతా ప్రైవేటు ఆస్పత్రులు వదిలి వందల సంఖ్యలో ఇళ్లకు వెళ్లిపోయారు. బాండ్లతో నర్సులను నిలుపుకోగలమనుకునే యాజమాన్యాలు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

చెప్పకుండా డ్యూటీ మానేయొద్దు. నోటీసు కాలం పూర్తి చేయండి. రిలీవింగ్ లెటర్‌తో పాటు, కోవిడ్ వార్డులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశారో రాసిన అనుభవ పత్రం అడగండి. వంద రోజుల కోవిడ్ డ్యూటీ చేసినవారికి రెగ్యులర్ ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామని కేంద్రం 2021 మే 3న ప్రకటించింది. ఆ తేదీలు లేని కాగితం ఇస్తే తీసుకోకండి.